మాట్లాడనక్కరలేని పరీక్ష
నర్సంపేటలో ఉదయం 7.10కి కదిలిన బస్సు 38 కిలోమీటర్లు నడిచి వరంగల్ చేరేలోగా నూట ఇరవై జపనీస్ అక్షరాల అట్టముక్కలు తిరగేయాలని లెక్క వేసుకున్నాను. పక్క సీటులోని బురఖా వేసుకున్న నడివయసు స్త్రీ కాసేపు చూసి, "జపాన్ పరీక్షా, తమ్మీ?" అన్నది. అక్కడి వృద్ధాశ్రమంలో మూడేళ్లు పనిచేసి వచ్చిందట.

"పరీక్ష నేను గూడ పాసైన. ఒక ముసలాయన రోజూ ముచ్చట పెట్టెటోడు. అంతా సమజయ్యేది గని జవాబియ్యరాకపోయేది. నవ్వి ఊకునేదాన్ని. నెలకు ఆయన నాతోని మాట్లాడుడే బంద్ చేసిండు."

ఆ పరీక్షలో చదవడం, వినడం మాత్రమే ఉంటాయి, మాట్లాడించరు. ఆమె నా అట్టలను బోర్లించి, "అన్నం తిన్నరా అని జర జపాన్ భాషల నన్ను అడుగు" అన్నది. రాయమంటే తప్పు లేకుండా రాసేవాణ్ణి. వరంగల్ వచ్చేదాకా నోరు పెగలలేదు.

"ఆయన పానం పోతుంటె నేను గిట్లనే నిలబడ్డ" అని ఆమె దిగిపోయింది.

ఆ తర్వాత కూడా నేను అట్టలే తిరగేశాను. పరీక్షలో 180కి 131 వచ్చాయి. జపాన్‌లో ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూలో మా ఊరి గురించి జపనీస్‌లో చెప్పమన్నారు. చదివింది పద్నాలుగు నెలలు. తొమ్మిది నిమిషాల్లో పలికింది మూడు వాక్యాలు. ఉద్యోగం రాలేదు.