ఇనుమంటే పారిపోయిన పిల్ల

మా ఇళ్లలో పురుడైతే బిడ్డ తలగడ కింద ఇనుము పెడతారు. ఇనుమున్న చోటికి గాలీ ధూళీ రావని నమ్మకం. మా అత్త పెట్టేది మేకో బిళ్లో కాదు, గడ్డి కోసే చిన్న కొడవలి. నా పెద్దకూతురు తొలి కాన్పుకి ఒడిశాలో ఉన్న మా ఊరు గిరిసోల వచ్చినప్పుడు పసిదాని తల కింద పెట్టింది కూడా ఆ కొడవలే.

నేనప్పుడు రైల్వేలో కీమేన్‌ని. రోజూ పట్టాల వెంట నడుస్తూ వదులైన ఇనుప కీలు సుత్తితో బిగించే పని. బడి మొహం చూడలేదు. ప్రయాణికులు పారేసిన పేపర్లు కూడబలుక్కుని తెలుగు నేర్చుకున్నాను, స్టేషన్ బోర్డులు చూసి ఒడియా అక్షరాలు పట్టుకున్నాను. చదువొచ్చిందన్న పొగరుతో అరుగు మీద కూర్చుని, దెయ్యాలు లేవు భూతాలు లేవని వచ్చేపోయే వాళ్లకి ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. ఆ పొగరు ఎందుకూ కొరగాకుండా ఎలా పోయిందో కూడా ఇక్కడే చెప్పాలి.

నా చిన్నకూతురికి అప్పుడు పదహారేళ్లు. పసిదాన్ని చంక దింపేది కాదు. "ఒలే, తల్లి నువ్వా నేనా?" అని దాని అప్ప, అంటే నా పెద్దకూతురు, ఏడిపించేది. అలాంటిది ఒకరోజు ఉన్నట్టుండి పిల్లని ఎత్తుకోవడం మానేసింది. పురిటిగది గుమ్మం తొక్కదు. వంకాయలు తరగమంటే కత్తిపీట దగ్గరికి రాదు. రెండుసార్లు ఆ కొడవలి తలగడ కింది నుంచి మాయమై కట్టెల మోపులో దొరికింది. మా అత్త తెచ్చి మళ్లీ పెట్టింది. మళ్లీ మాయం.

ఇంకో సంగతి. రోజుకి పాతికసార్లు వాళ్లమ్మ కొంగు పట్టుకుని అడిగేది.

"అమ్మా, నాను పాపని ఏటీ సెయ్యనేదు గదా?"

"నేదే."

"సెయ్యను గదా?"

"సెయ్యవే తల్లీ, పోయి ముద్ద తిను."

రెండు నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న. మొదట్లో బుజ్జగించాం, తర్వాత కసిరాం. ఒకసారి నేను చెయ్యి కూడా చేసుకున్నాను. ముద్ద దిగక పిల్ల పుల్లలా అయిపోయింది.

తేల్చి చెప్పింది మా అత్త. "ఇనుం సూసి పారిపోయీది మనిసేటి బాబూ? దానొంట్లో ఉన్నదేదో పారిపోతంది."

ఆ మాట విని వీధి వీధంతా తల ఊపింది. ఇనుముకి దెయ్యం భయపడుతుంది, పిల్ల ఇనుముకి భయపడుతోంది, కాబట్టి పిల్లలో దెయ్యముంది. లెక్క సరిపోయింది! దానికేం కనబడుతోందని, లోపల ఏం జరుగుతోందని ఒక్కరంటే ఒక్కరం అడగలేదు. ఇప్పటికీ ఆ లెక్క తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందరికంటే ఎక్కువ మండేది నా మీదే.

ఎందుకంటే ఉపన్యాసాలిచ్చిన నేను నోరెత్తలేదు. దెయ్యాన్ని నమ్మి కాదు. నాకు నా కూతురంటే భయం పట్టుకుంది. డ్యూటీ దిగి వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చునేవాణ్ణి. అది నీళ్లకి లేచినా నా కళ్లు దాని చేతుల మీదే. నా చూపు దానికి తెలుసు. చేతులు పమిటలో దాచుకుని గోడ వారనే నడిచేది.

చమఖండి వైపు నుంచి ఒక గుణియాని పిలిపించారు, మంత్రాలు వేసేవాణ్ణి. అదే కొడవలి ఎర్రగా కాల్చి అరచేతిలో వాత పెడితే పట్టినది వదిలిపోతుందన్నాడు. మంగళవారం పొద్దున్న పెరట్లో బొగ్గులు రాజేశారు. ఇద్దరు ఆడవాళ్లు పిల్లని పట్టుకోవడానికి తయారుగా నిలబడ్డారు. కొడవలి మొన ఎర్రబడింది.

పట్టుకోనక్కర్లేకపోయింది. అదే వచ్చి నా ముందు కూర్చుని చేతులు చాపింది.

"రెండూ కాల్సీ అయ్యా. ఏళ్లు ముడుసుకోకుండా కాల్సీ. అప్పుడింక పాపకి బయం నేదు."

 మేం పసిదాన్ని ఎవరి నుంచి కాపాడాలనుకున్నామో, అందరికంటే ఎక్కువ కాపలా కాస్తున్నది అదే. తన చేతులు పోయినా సరే అనుకుంది. బొగ్గుల కుంపటి కాలితో తన్నేశాను. కాలు బొబ్బలెక్కింది. గుణియా తిట్టాడు, మా అత్త శోకాలు పెట్టింది. పిల్లని రెక్కపట్టుకుని స్టేషన్‌కి లాక్కుపోయి, దొరికిన పాసింజర్ ఎక్కి బరంపురంలో దిగాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒడియా మనిషి, చిన్న వయసు. నన్ను బయటికి పొమ్మంది. పిల్లే నా చొక్కా పట్టుకుని ఉండమంది. నేల చూస్తూ, డాక్టరమ్మకి ఒడియాలో చెప్పింది: కొడవలి తను తీసినట్టు, పాప మెడ మీద పెట్టినట్టు కళ్ల ముందు బొమ్మ కడుతోందట. వద్దంటే ఇంకా వస్తోందట. అందుకే అందరూ నిద్రపోయాక దాన్ని తీసి కట్టెల్లో దాచేసేదట. డాక్టరమ్మ మాత్రం దగ్గు గురించి విన్నట్టు విని రాసుకుంది.

"ఇలాంటి బొమ్మలు చాలామందికి వచ్చి పోతుంటాయి. నీకు పాపంటే ప్రాణం కాబట్టి హడలిపోయి ఆ బొమ్మతోనే పెనుగులాడుతున్నావు. అందుకే పోవటం లేదు. ఆలోచన వస్తే రానీ. వచ్చినంత మాత్రాన చేసినట్టు కాదు," అంది.

తర్వాత నా వంక తిరిగింది. మందు బిళ్లలు రాస్తానంది. ఇంట్లో కత్తులు దాచొద్దంది. పిల్ల అడిగినప్పుడల్లా చెయ్యవులే అని జవాబివ్వడం మానాలంది, ఆ జవాబే ఆ భయానికి మేతట. చివరగా, "నువ్వు గుమ్మంలో కాపలా కూర్చోవద్దు," అంది. అన్నిటికంటే ఆ చివరిదే నాకు కష్టమైంది.

కొన్ని వారాలు పట్టింది. మొదట కత్తిపీట దగ్గర ఊరికే కూర్చుంది. తర్వాత వణుకుతూ ఒక బెండకాయ తరిగింది. తర్వాత అప్ప పక్కనుండగా పాపని ఒళ్లో పెట్టుకుంది. కొన్ని రోజులు బాగుండేది, కొన్ని రోజులు మళ్లీ మొదటికి వచ్చేది.

ఇక దాన్ని పాపతో ఒంటరిగా ఉంచే రోజు వచ్చింది. ఆడవాళ్లంతా సంతకెళ్లారు. నేను నూతి దగ్గరికి వెళ్లి, చేద వేసి, నీళ్లు తోడకుండా నిలబడ్డాను. లోపల పాప ఏడుపు. గుక్క పెట్టి ఏడుస్తోంది. అంతలో టక్కున ఆగిపోయింది.

నేను పరిగెత్తాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, చేద నూతిలో వదిలేసి పరిగెత్తాను.

చిన్నకూతురు పాపని భుజానేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. దాని మొహమంతా చెమట. నన్ను చూసి ఆగింది.

"బయమేసిందేటి అయ్యా?"

నేను గుమ్మం పట్టుకుని తల ఊపాను.

"నాకూ ఏసింది. బొమ్మొచ్చింది. ఐనా పాపని దించనేదు." మళ్లీ నడక మొదలుపెట్టింది. "నువ్వు ఎల్లు. నువ్విక్కడుంటే నాకు అవ్వదు."

 వెనక్కి తిరిగి చూడకుండా బయటికి నడిచాను.