వంక దాటే జీపుకు డిస్క్ బ్రేకులు

రిటైర్ కావడానికి ఆరేళ్ల ముందు, ఒక జూన్ నెల మొదటి వారంలో నన్ను కడప నుంచి కర్నూలుకు బదిలీ చేశారు. ప్రభుత్వ వాహనాలు బాగుచేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్ ఉద్యోగం. మెకానిక్‌లకు పైన, డిప్యూటీ ఇంజనీరుకు కింద ఉండే హోదా అది. రిపేరు అయిన బండి బయటికి పోవాలంటే ఫోర్‌మన్ సంతకం కావాలి. ప్రమాదం జరిగిన బండిని పరీక్షించి, యంత్రంలో లోపం ఉందా లేదా అని రిపోర్టు రాయవలసిందీ ఫోర్‌మనే. ఆ రిపోర్టును బట్టే డ్రైవర్ మీద చర్య ఉంటుంది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. అహోబిలం అవతల కొండ కింద గూడేలకు టీకాల పెట్టెలు, నర్సును తీసుకుపోయే పాత జీపు ఒకటి రోడ్డు పక్క మట్టిగట్టును గుద్దుకుంది. దారికి అడ్డంగా పారే వంక దాటి, అవతల పల్లంలోకి దిగుతుండగా ఎదురుగా ఎద్దుల బండి వచ్చింది. జీపు ఆగలేదు. డ్రైవర్ మాబాషా బండిని గట్టుకేసి తిప్పాడు. ఎద్దులకు ఏమీ కాలేదు. వెనక కూర్చున్న నర్సు సుబ్బలక్ష్మమ్మకు మణికట్టు విరిగింది.

మూడు రోజుల తర్వాత జీపును లాక్కొచ్చి మా షెడ్డులో పెట్టారు. నేను పద్ధతి ప్రకారం చూశాను. బ్రేక్ ఆయిల్ మట్టం సరిగ్గా ఉంది. పైపుల్లో ఎక్కడా కారడం లేదు. నాలుగు డ్రమ్ములూ ఊడదీస్తే లైనింగులు సగానికి పైగా మిగిలి ఉన్నాయి. బిగించి ఆవరణలో నడిపితే తొక్కిన చోట ఆగింది. 'బ్రేకులు పనిచేయు స్థితిలో ఉన్నవి' అని రాసి సంతకం పెట్టాను. వారం తిరక్కుండా మాబాషాను నిర్లక్ష్యంగా నడిపాడన్న ఆరోపణ మీద సస్పెండ్ చేశారు.

అతను వర్క్‌షాపుకు వచ్చింది ఆ తర్వాత. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, ఎప్పుడూ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. గొడవ పెట్టుకోవడానికి వచ్చాడనుకున్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మీరు రాసింది అబద్ధమని నేను అనను సార్," అన్నాడు. "పెడల్ గట్టిగానే ఉన్నింది. తొక్కితే కిందికి పోల్యా. బండి మాత్రం నిలబడల్యా. అదెట్ల సార్?"

నేను ఒక్కొక్కటే లెక్క వేసుకున్నాను. ఆయిల్ కారితే పెడల్ దిగిపోతుంది. గాలి చేరితే స్పాంజిలా మెత్తబడుతుంది. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగలేదంటే, ఒత్తిడి చక్రం దాకా చేరింది, అక్కడ పట్టు మాత్రం దొరకలేదు. డ్రమ్ము అంటే మూతపెట్టిన గిన్నె లాంటిది. లోపల రెండు లైనింగులు విచ్చుకుని దాని అంచును ఒరుసుకుంటేనే చక్రం ఆగుతుంది. అందులోకి నీళ్లు చేరితే త్వరగా బయటికి పోవు, లైనింగు జారుతుంది. నేను చూసిన నాటికి మూడు రోజులు ఎండిన డ్రమ్ములు అవి. ఎండిన బ్రేకును పరీక్షించి, తడిసిన బ్రేకు మీద తీర్పు రాశాను.

మరుసటి రోజు డిప్యూటీ ఇంజనీరు (డి.ఇ.) గారి దగ్గరికి పోయి, నా రిపోర్టు మీద నాకే అనుమానం ఉందని చెప్పాను. ఆయన నాకంటే పదేళ్లు చిన్న. ముక్కుసూటి మనిషి.

"వంక దాటినాక పెడల్ మింద కాలు ఆనించి కొంచెం దూరం పోతే ఆరుతాది గదప్పా. డ్రైవర్‌కు ఆ మాత్రం తెలీదా?" అన్నారు.

"ఆరడానికి దూరం కావాల సార్. ఆడ వంక దాటినెంబడే పల్లం ఉండాది," అన్నాను.

"అయితే సూద్దాం పా," అని ఆయనే బయల్దేరారు.

వంకలో నీళ్లు అప్పటికి చక్రం ఇరుసు దాకా ఉన్నాయి. ఆ జీపునే నేను నడిపాను, ఆయన పక్కన కూర్చున్నారు. మొదట ఇవతలి ఒడ్డున చదునైన చోట, పొడి బ్రేకులతో ఒక గుర్తు దగ్గర తొక్కి, బండి ఆగిన చోట రాయి పెట్టాం. తర్వాత వంకలో దిగి, కాసేపు నిలిపి, ఎక్కి వచ్చి అదే వేగంతో అదే గుర్తు దగ్గర తొక్కాను. పెడల్ గట్టిగా ఉంది. జీపు రాయి దాటి పోతూనే ఉంది. ఆగాక ఆయన దిగి రాయి దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టారు. ముప్పై ఒకటి. తిరిగి వచ్చి కూర్చుని, "రిపోర్టు మార్చి రాయి," అని మాత్రం అన్నారు.

రాశాను. మొదటి రిపోర్టును రద్దుచేస్తూ, నా పరీక్షలో ఏ అంశం తప్పిపోయిందో వివరంగా రాశాను. మాబాషా సస్పెన్షన్ ఎత్తేశారు. పనిలో లేని రోజులను డ్యూటీ కిందే లెక్కించారు.

అయితే జీపు అదే, వంక అదే. డి.ఇ. గారిని మళ్లీ కలిసి ఒక ప్రతిపాదన పెట్టాను. అదే కంపెనీ తర్వాత తెచ్చిన కొత్త మోడల్ జీపుకు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ఉంటాయి. డిస్క్ అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం. దాన్ని రెండు పక్కల నుంచి ప్యాడ్లు పట్టుకుంటాయి. అది బయటికి తెరిచి ఉంటుంది కాబట్టి తిరిగేటప్పుడు నీళ్లు విసిరేస్తుంది, మిగిలిన తడిని ప్యాడ్లే తుడిచేస్తాయి. అలాంటి జీపు ఒకటి, వెనక నుంచి లారీ గుద్ది పనికిరాదని తేల్చినది, మా యార్డులోనే వేలానికి ఎదురుచూస్తోంది. దాని ముందు భాగం చెక్కుచెదరలేదు. రెండింటి ముందు యాక్సిల్ కొలతలూ ఒకటే అని నేను కొలిచి చూసుకున్నాను.

తీసివేసిన వాహనం నుంచి బోల్టు విప్పాలన్నా పేరుపేరునా అనుమతి కావాలి. జాబితా నేనే రాశాను: స్టబ్ యాక్సిళ్లు, హబ్బులు, డిస్కులు, ప్యాడ్లను వాటికేసి నొక్కే కాలిపర్లు, గొట్టాలు, పాత రిమ్ములు కాలిపర్‌కు తగులుతాయి కాబట్టి కొత్త జీపు చక్రాలు. అనుమతి వచ్చింది. నాలుగు రోజుల్లో బిగించాం. ఆయిల్ పోసి గాలి తీశాం. పెడల్ చక్కగా వచ్చింది. నేను కొంచెం గర్వంగానే ఓర్వకల్లు దాకా ట్రయల్‌కు బయల్దేరాను. మాబాషా పక్కన ఉన్నాడు.

తిరుగు దారిలో బండి బరువుగా లాగుతోందనిపించింది. కాలిన వాసన కూడా వచ్చింది. ఆపి, మాబాషా బాటిల్లో నీళ్లు ముందు చక్రం మీద చల్లితే చుయ్‌మన్నాయి. చల్లారేదాకా చెట్టు నీడ కూడా లేని ఆ రోడ్డు మీద గంటసేపు నిలబడ్డాం.

షెడ్డులో విప్పితే డిస్కులు నీలంగా మారి ఉన్నాయి. ప్యాడ్లు వదలకుండా ఒరుసుకుంటున్నాయి. తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. పెడల్ ఒత్తిడిని ఆయిల్‌లోకి పంపేది మాస్టర్ సిలిండర్. డ్రమ్ముల కోసం చేసిన సిలిండర్‌లో ఒక చిన్న వాల్వు ఉంటుంది. కాలు తీసినా పైపుల్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. డ్రమ్ములో లైనింగులను వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఆ ఒత్తిడి ఏమీ చేయదు. డిస్కులో అలాంటి స్ప్రింగు లేదు, ప్యాడ్ అంటుకునే ఉంటుంది. నేను పాత మాస్టర్ సిలిండర్ సరిపోతుందనుకున్నాను. జాబితాలో దాన్ని రాయలేదు. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుపోకుండా ఒత్తిడిని పంచే వాల్వునూ రాయలేదు.

మళ్లీ డి.ఇ. గారి గది. ఈసారి కాగితం చదివి కళ్లజోడు తీశారు.

"రెండోసారి దిద్దుతాండావప్పా. మూడోది ఉండాదా?"

"ఇంగ లేదు సార్. ఈసారి ఆ బండి బ్రేకు మొత్తం, పెడల్ కాడ్నుంచి చక్రం దాకా, గీసి చూసుకున్నా."

"నీ తప్పని ఫైల్లో రాస్తాండావు. తెలుస్తాందా?"

"రాయకపోతే రేపు ఇంగొకరు ఇదే చేస్తారు సార్."

ఆయన సంతకం పెట్టారు. ఆ యార్డు బండి మాస్టర్ సిలిండరు, కాలి బలాన్ని పెంచే దాని బూస్టరు, ఒత్తిడిని పంచే వాల్వు అన్నీ కలిపి తెచ్చి బిగించాం. నీలం తిరిగిన డిస్కులను పక్కనపెట్టి, షాపు నుంచి కొత్తవి తెప్పించాం. ఈసారి ఓర్వకల్లు పోయి వచ్చినా చక్రం మీద చెయ్యి పెట్టగలిగాను.

వాహనంలో ఇలాంటి మార్పు చేస్తే రవాణా శాఖ ఆమోదం ఉండాలి, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించాలి. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ముప్పై ఏళ్ల అమ్మాయి. నేను కుర్చీ వేయిస్తే దాన్ని పక్కకు జరిపి, గోనెపట్ట పరుచుకుని బండి కిందికి దూరింది. లోపలి నుంచే అడిగింది: "మాస్టర్ సిలిండర్ గూడా మార్చినారా, పాతదే పెట్టినారా?" నేను వాడిన పాత సిలిండర్‌ను, నీలం తిరిగిన డిస్కును తెచ్చి చూపించాను. ఆమె బయటికి వచ్చి రెండూ చేతిలో తిప్పి చూసి, "ఇది దాచిపెట్టలేదే మీరు," అంది. ఆ తర్వాత వేగం పెంచి నాలుగుసార్లు ఆపించింది. ఒకసారి స్టీరింగు వదిలి తొక్కమంది. జీపు ఏ పక్కకూ లాగలేదు. ఆమోదం రాసింది.

చివరి పరీక్ష ఆ వంకలోనే. మాబాషా నడిపాడు. సుబ్బలక్ష్మమ్మ కట్టు విప్పించుకుని డ్యూటీలో చేరింది. ఆరోజు ఆమె టీకాల పెట్టెతో ఒడ్డునే నిలబడింది. ఎక్కమని ఎవరూ బలవంతపెట్టలేదు. మాబాషా వంకలో దిగి, నిలిపి, ఎక్కివచ్చి గుర్తు దగ్గర తొక్కాడు. పాత బ్రేకులు పొడిగా ఉన్నప్పుడు ఆగిన చోటికి రెండడుగులు ఇవతలే ఆగింది. వెనక్కి తిప్పుకుని మళ్లీ చేశాడు, మళ్లీ అంతే. మూడోసారి వంకలోకి దిగబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"చాల్లే మాబాషన్నా. పిల్లోళ్లు కాచుకోని ఉంటారు, పోదాం పా," అంటూ ముందు సీట్లో ఎక్కి పెట్టె ఒళ్లో పెట్టుకుంది.

"నిలబడ్తాండాది సార్," అన్నాడు మాబాషా నాతో. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాకు ప్రశంసాపత్రాలు రెండు వచ్చాయి. వాటిని ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. ఆ మాట మాత్రం ఆ గొంతుతో సహా గుర్తుంది.

జీపు గూడెం వైపు పోయింది. నేను, డి.ఇ. గారు ఇంకో బండిలో కర్నూలుకు తిరిగివచ్చాం. ఆ ఫైలు కాపీని ఆయన కడప వర్క్‌షాపుకు పంపారు. అక్కడ మూడు జీపులకు అదే పని చేశారు. నేను తప్పుగా రాసిన జాబితా, దిద్దిన జాబితా రెండూ అందులో ఉన్నాయి కాబట్టి వాళ్లకు ఒక్క డిస్కూ కాలలేదు.

ఈ పని నేర్చుకోవాలని నన్ను అడిగే మెకానిక్‌లకు ఒకటే చెబుతాను. వేరే మోడల్ భాగం మంచిదైనంత మాత్రాన మన బండికి మంచిది కాదు. అది తన సొంత బండిలో వేటితో కలిసి పనిచేసేదో ముందు కాగితం మీద గీసుకోవాలి. ఆ తర్వాతే పానా పట్టాలి.