దొరసానమ్మ మొగుడి పేరు

మొన్న మంగళవారం పొద్దున నేనొక పరీక్ష తప్పినాను. తప్పడం విశేషం కాదు. ఆ పరీక్షకు కూర్చున్నది నేను కాదు, అదీ విశేషం! నవ్వకుండా వినండి, మొదట్నుంచీ చెప్తాను.

ఆర్నెల్లుగా మా మార్కాపురం మిషన్ బంగళాలో ఉండే దొరసానమ్మకు నేను తెలుగు ట్యూషన్ చెప్తున్నాను. పొద్దున బడికి పోయేముందు ఒక గంట, నెలకు పదిహేను రూపాయలు. పుట్టినప్పట్నుంచీ ఊరికే మాట్లాడుతున్న భాషకు జీతమిస్తామంటే ఎవరు కాదంటారు? మా ఇంటాయన పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా. సంగతి విని, "ఇరవై ఏళ్ళుగా నీ తెలుగు వింటున్నాను, మరి నాకెవరిస్తారు జీతం?" అన్నారు.

దొరసానమ్మ నర్సు చదువు చదివి వచ్చిన మనిషి. తర్లుపాడులో ఆడవాళ్ళకోసం చిన్న ఆసుపత్రి కట్టించినారు. గోడలకు సున్నం కూడా వేసినారు. మంచాలు వచ్చినాయి, మందుల పెట్టెలు వచ్చినాయి. తలుపుకు మాత్రం తాళం. ఎందుకంటే తెలుగు పరీక్ష పాసుకానిదే ఆమె పనిలో చేరకూడదని వాళ్ళ మిషన్ రూలు. ఒకసారి తప్పింది. రెండోసారి తప్పితే మొగుడూ పెళ్ళాలిద్దర్నీ మద్రాసుకు తిరిగి పంపేస్తారు, తాళం అట్లనే ఉంటుంది. కాన్పు కష్టమైన ఆడవాళ్ళు ఎప్పట్లాగే ఎద్దులబండి మీద మార్కాపురం దాకా రావాలి.

మొదటిసారి తప్పిందంటే తప్పు ఆమెది కాదు. ఆమెకు చెప్పిన పంతులు పాత గ్రంథాల భాష నేర్పినాడు. ఆమె నోరు తెరిస్తే పాలు పోసే మనిషి చేతులు కట్టుకొని నిలబడేది, ఏదో ప్రార్థన మొదలైందనుకొని. నేను పుస్తకం మూసేసినాను. "అమ్మా, మీరు మా ఇంటికి రండి. మేం మాట్లాడుకునేది వినండి. మేమెట్ల ఉంటే అట్ల ఉండండి" అన్నాను. మూడు నెలలు తిరిగేసరికి "ఏందిరా ఈ కూర, ఉప్పు వేసినావా లేదా?" అని వంటవాణ్ణి అడిగే స్థాయికి వచ్చింది. నా పద్ధతి మీద నాకు చెప్పలేనంత గర్వం!

అట్ల ఉండగా ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన అయి అందరం ఆవరణలో నిలబడి ఉంటే, ఈమె వాళ్ళాయన్ను పేరు పెట్టి ఎలుగెత్తి పిలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు! ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా పక్కింటి సుందరమ్మవ్వ నా మోచెయ్యి పట్టుకొని లాగింది.

"ఏందే పంతులమ్మా, ఆయన ఈయమ్మ మొగుడేనా, తమ్ముడా?"

"మొగుడే అవ్వా."

"మరి అట్ల పిలుస్తాదేందే? నువ్వు నేర్పేది ఇదేనా?"

నా పద్ధతికే మచ్చ! మరునాడే పాఠం పెట్టినాను. "అమ్మా, ఇక్కడ భార్య భర్త పేరు నోట అనకూడదు. 'ఏమండీ' అని పిలవాలి. ఎవరన్నా మీ ఆయన పేరేందని అడిగితే తల వంచుకొని నవ్వాలి. పక్కనున్నవాళ్ళు అందుకొని చెప్తారు."

"ఎందుకు అనకూడదు?"

"ఆయుష్షు తగ్గుతుందంట."

"మీరు నమ్ముతారా?"

"ఛ! నేను కాలేజీలో చదువుకున్నదాన్ని. ఇదంతా పల్లె ఆడవాళ్ళ కోసం. వాళ్ళు మిమ్మల్ని తమ మనిషి అనుకోవాలంటే మీరు పాటించాలి."

"అయితే మీ ఆయన పేరేమి?" అంది దొరసానమ్మ.

సరిగ్గా అప్పుడే పొయ్యిమీద పాలు పొంగినాయి. లేకపోతే చెప్పేదాన్నే.

ఇక మొన్నటి మంగళవారం. పరీక్ష పెట్టడానికి ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్న ముసలి దొర ఒకాయన, ఆయనకు తోడుగా కంభం నుంచి ఒక తెలుగు పండితుడు వచ్చినారు. బంగళా హాల్లో బల్లకు అటువైపు వాళ్ళిద్దరూ, ఇటువైపు దొరసానమ్మ. పాఠం చెప్పినవాళ్ళు లోపలికి పోకూడదు. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడి ఊపిరి బిగపట్టి వింటున్నాను. ఆమె మొగుడు, అదే కుర్ర దొర, పెరట్లో చింతచెట్టు కింద ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతున్నాడు.

చదవమన్నారు, చదివింది. రాయమన్నారు, రాసింది. జ్వరమొచ్చిన మనిషిని ఏమడుగుతావంటే, గడగడా పది ప్రశ్నలు అడిగింది. పండితుడు తల ఊపుతున్నాడు. నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను, అయిపోయింది, పాసు!

అప్పుడు ముసలి దొర, ఆఖర్న తేలిక ప్రశ్న ఒకటి అడుగుదామనుకున్నాడేమో, "మీ పెనిమిటి పేరు ఏమి?" అన్నాడు.

దొరసానమ్మ తల వంచుకొని నవ్వింది.

దొర కొంచెం గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి మళ్ళీ అడిగినాడు. ఆమె ఇంకొంచెం వంచింది. నేను చెప్పినదానికంటే అందంగా నవ్వింది కూడా! పక్కనెవరన్నా అందుకొని చెప్తారని ఎదురుచూస్తోంది. పక్కన ఖాళీ కుర్చీ తప్ప ఎవరున్నారు?

"మొదటి నెల పాఠం ఇది" అన్నాడు దొర పండితుడితో. "ఇంత చిన్న ప్రశ్న అర్థం కాలేదంటే తక్కినదంతా బట్టీ పట్టిందే." కలం తీసి కాగితం మీద సున్న చుట్టబోతున్నాడు.

కిటికీలోంచి చెయ్యి ఊపినాను, చెప్పమ్మా, చెప్పేసెయ్యి అని. ఆమె నన్ను చూసింది. నేను మెచ్చుకుంటున్నాననుకుంది పాపం! ధైర్యం తెచ్చుకొని దొర వైపు తిరిగింది.

"ఏంది అయ్యగారూ! ఆడకూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టి మొగుడి పేరు చెప్పమంటారా? ముప్పై ఏళ్ళుగా ఉన్నారంట, ఇంతమాత్రం తెలియదా మీకు?"

ఆ గొంతు నాది. చెయ్యి తిప్పడం నాది. బడిలో ఆలస్యంగా వచ్చిన పిల్లలమీద నేను లేచే తీరు అచ్చం దింపేసింది! ముసలి దొర మొహం కందగడ్డ అయింది. పండితుడి వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు.

"నిజమే అయ్యగారూ, పక్కనున్న ఆడవాళ్ళెవరన్నా అందుకొని చెప్పాలి" అన్నాడు పండితుడు. "మా ఇంట్లో నా పేరు అనే దిక్కులేక, ఒక్కోసారి నేనే మర్చిపోతుంటాను."

దొర కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "నా కాగితంలో జవాబు ఉండాలి. ఆచారం ప్రకారం ఇంకొక స్త్రీ చెప్పవచ్చునంటే నాకు అభ్యంతరం లేదు. ఆమె టీచరును పిలవండి."

నేను దర్జాగా లోపలికి పోయినాను. ఊరికే పోయినా బాగుండేది. "అయ్యగారూ, ఇది పల్లెవాళ్ళ మూఢనమ్మకం. తెలిసి ఉండాలని నేర్పినానే గానీ, మాలాంటి చదువుకున్నవాళ్ళకు ఇట్లాంటివి ఉండవు" అని ఇంత పొడవు ఉపన్యాసం ఇచ్చినాను.

"చాలా సంతోషం. ఈమె భర్త పేరు చెప్పండి, రాసుకుంటాను."

"దానికేముందండీ" అన్నాను. నోరు తెరిచినాను.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. మాట రాలేదు! ఈ ఆర్నెల్లూ నేను ఆ కుర్ర దొరను 'దొరగారు' అనే అన్నాను. ఎందుకట్ల అంటున్నానో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. ఆ క్షణాన తెలిసింది. ఆయన పేరూ మా ఇంటాయన పేరూ ఒకటే, రెండూ బైబిల్లోంచి తీసి పెట్టిందే.

దగ్గినాను. మంచినీళ్ళు అడిగి తాగినాను. మొదటి అక్షరం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. దొర కలం పట్టుకొని కూర్చున్నాడు. దొరసానమ్మ కళ్ళు పెద్దవి చేసుకొని నన్నే చూస్తోంది. తర్లుపాడు ఆసుపత్రి తాళంచెవి నా నోట్లో ఉంది, నేనేమో మింగేస్తున్నాను!

"మీకూ తెలియదా?" అన్నాడు దొర.

"తెలుసండీ."

"మరి?"

"చెప్పలేనండీ."

"ఎందుకు?"

"మా... మా ఇంటాయనదీ అదే పేరండీ."

పండితుడు బల్లమీద చెయ్యి వేసి కొట్టి, "ఇంకా సాక్ష్యం కావాలా అయ్యగారూ?" అని నవ్వడం మొదలుపెట్టినాడు. కళ్ళద్దాలు జారి కింద పడినాయి. అయినా నవ్వుతున్నాడు. ముసలి దొర గడ్డం కూడా కదిలింది.

నన్ను ఒడ్డున పడేసింది నా శిష్యురాలే. లేచి కిటికీ దగ్గరికి పోయి, చింతచెట్టు వైపు చూసి, "ఏమండీ! ఒకసారి ఇట్ల రండి. మీ పేరు కావాలంట!" అని కేకేసింది. ఎంత చక్కగా పిలిచిందంటే, ఆవరణ ఊడుస్తున్న మనిషి కూడా ఎవరింటి ఆడమనిషో అని తలెత్తి చూసింది. కుర్ర దొర పరుగెత్తుకొచ్చి, ఏం నేరం చేసినానో అన్నట్టు నిలబడి, తన పేరు తానే చెప్పుకున్నాడు. దొర రాసుకున్నాడు.

దొరసానమ్మ పాసు! వచ్చే నెల తర్లుపాడులో తాళం తీస్తారు. పోతూ పోతూ ముసలి దొర నావైపు తిరిగి, "మీ శిష్యురాలు నెగ్గింది. మీరు మాత్రం ఇంకోసారి కూర్చోవాలి" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే మా ఇంటాయన గోడకు ఆనుకొని నవ్వి నవ్వి కూర్చుండిపోయినారు. "ఏదీ, ఇప్పుడెవరూ లేరుగా, నాకోసం ఒక్కసారి అను" అన్నారు.

"అన్నం చల్లారిపోతోంది, లేయండి" అన్నాను.

ఇంత చదివినాక, ఇంతకీ ఆ పేరేందని మీకు అనిపిస్తుంది. నోటితో అనడం కాదుగదా, రాయడానికేమని కలం పట్టుకున్నాను. మొదటి అక్షరం రెండుసార్లు రాసినాను, రెండుసార్లూ కొట్టేసినాను. మార్కాపురం వచ్చినప్పుడు మా సుందరమ్మవ్వను అడగండి.