గొంతు వచ్చింది, పద్యం రాలేదు

2008లో దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన వారం. సూర్యాపేటలో ఒక హైస్కూల్. తొమ్మిదో తరగతికి శతక పద్యం ఎత్తుకున్నాను. రెండో పాదంలో గొంతు తెగిపోయింది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. నీళ్లు తాగి మళ్లీ అందుకుంటే గాలి తప్ప ఏమీ రాలేదు.

నేను తెలుగు టీచర్‌ని. పద్యం పాడి చెప్పడం ఇష్టమై ఈ ఉద్యోగంలోకి వచ్చినదాన్ని. ఆ ఏడాది హిందీ, సోషల్ పోస్టులు ఖాళీ. ఆ పీరియడ్లూ నాకే. గదులు చాలక రెండు సెక్షన్లను వరండాలో కలిపి కూర్చోబెట్టి, రోడ్డు మీద లారీల మోతను మించి అరిచేదాన్ని. పొద్దున, సాయంత్రం టెన్త్ స్పెషల్ క్లాసులు. ఆదివారాలు ఓటర్ల జాబితా పని. మా హెడ్‌మాస్టర్‌ని అడిగితే, "జర ఓపిక పట్టుండ్రి మేడం, పోస్టులు నిండితే మీకీ తిప్పలుండది" అనేవారు. పాపం, ఆ మాట మీద ఆయనకే నమ్మకం లేదు.

మిరియాల పాలు, ఉప్పునీళ్లు అన్నీ అయ్యాయి. గొంతుకు రెస్ట్ ఇద్దామని మా టీచర్లందరం చేసే పనే చేశాను. పిల్లల్ని దగ్గరికి జరిపి, చలికాలమంతా గుసగుసగా పాఠాలు చెప్పాను.

చివరికి మా ఆయన కసిరారు. "బడంతా నువ్వొక్కదానివే మోస్తున్నవా? ఇగ నడువు దవాఖానకు!"

మిర్యాలగూడలో ENT డాక్టర్ ఎండోస్కోపీ చేసి స్క్రీన్ మీద చూపించారు. "వోకల్ నాడ్యూల్స్ అమ్మా, స్వరతంతువుల మీద కాయలు. గట్టిపడినయి. గుసగుస రెస్ట్ కాదు. దానితోనే ఇంకా ఎక్కువైంది." ఏడుపొచ్చింది. ఏడవడానికీ గొంతు లేదు.

సెలవు పెట్టాను. వాయిస్ రెస్ట్, స్పీచ్ థెరపీ మొదలయ్యాయి. టెన్త్ పరీక్షలు దగ్గరపడ్డాయని బడి నుంచి ఫోన్ వస్తే సెలవు మధ్యలోనే వెళ్లాను. మళ్లీ మొదటికొచ్చింది. వేసవిలో సర్జరీ అయింది.

తర్వాత చెకప్‌లో, "స్వరతంతువులు నార్మల్. ఇగ పాడుకోవచ్చు" అన్నారు డాక్టర్. ఇంట్లో పాడి చూశాను. మా ఆయన, "మునుపటి లెక్కనే ఉన్నది" అని మురిసిపోయారు.

బడిలో మాత్రం టైంటేబుల్ మారలేదు. పద్యం పాడితే ఆ తర్వాత సోషల్‌కి గొంతు మిగలదని భయం. అర్థం చెప్పి, పరీక్షలో వచ్చే ప్రశ్న చెప్పి, పేజీ తిప్పేసేదాన్ని. ఒకప్పుడు గంట కొట్టకముందే క్లాసులో ఉండేదాన్ని, ఇక గంట ఎప్పుడు కొడతారా అని చూసేదాన్ని. పాడాలన్న ఇష్టమే పోయిందని డాక్టర్‌కి చెబితే, "దానికి నా దగ్గర మందు లేదమ్మా" అన్నారు.

ఇప్పుడు కోదాడ దగ్గర చిన్న హైస్కూల్లో ఉన్నాను. ఒక్క సబ్జెక్టే. గొంతు బాగుంది. పోయిన ఇష్టం మాత్రం తిరిగి రాలేదు, అదే నా దుఃఖం. తోటి టీచర్లకు ఒక్కటే చెబుతాను. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే ENTకి చూపించుకోండి. రెస్ట్ అంటే పూర్తిగా నోరు మూసుకోవడమే. బడి ఆగదు, మీరే ఆగాలి.

మొన్న ఒక అమ్మాయి లేచి అడిగింది. "టీచర్, పద్యానికీ పాఠానికీ తేడా ఏంటండీ?"

పాడి చూపించాలని నోరు తెరిచాను. "పద్యం చిన్న చిన్న లైన్లలో ఉంటుందమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తలూపి రాసుకుంది.