లిట్మస్ తాత

ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ బాయిలర్‌కి బొగ్గు మేపిన తాతకి రిటైరయ్యాకే తెలిసింది: నీటి ఆవిరి పైకెళ్లి చల్లబడితే మబ్బవుతుందనీ, అందులో తన పొగలోని గంధకం కలిస్తే వాన పుల్లబడి ఆకుల్ని మాడుస్తుందనీ. అప్పట్నుంచి ప్రతి తొలివానకీ బట్టతల తడుపుకుంటూ పెరట్లో గిన్నె పెట్టి, నీలం లిట్మస్ కాగితం ముంచుతాడు. ఏటా అది ఎర్రబడేది. ఈ ఏడు ఫ్యాక్టరీ పొగగొట్టానికి వడపోత బిగించారని గంపెడాశతో ముంచాడు. మళ్లీ ఎరుపే! తాత మొహం వాడిపోయింది.

"నా పాపం ఇంకా కడుక్కుపోలేదే!"

"పాపం కాదు, నిమ్మరసం! ఇందాక మీరు నిమ్మకాయ పిండుకున్న గిన్నే అది. అంత బాయిలర్ కడిగారు, ఇంత గిన్నె కడగలేరూ?" అంది నానమ్మ.

గిన్నె తోమి, మళ్లీ వాన పట్టి, కొత్త కాగితం ముంచాడు. ఎర్రబడలేదు. ఆ కాగితాన్ని కళ్లజోడు డబ్బాలో భద్రంగా దాచుకున్నాడు. తీగమీది బట్టలు తీయడానికి నానమ్మ పరుగెత్తబోతే అడ్డుపడ్డాడు.

"ఉండనీవే, తడవనీ. మంచి వానే!"