అంబలి చిందిన మణికట్టు

విజయనగరంలో బస్సెక్కినప్పటి నుంచి అదే పేజీ చదువుతున్నాను. శ్రీకాకుళంలో ఒక స్కూల్లో టీచరు ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పాలి. పాఠం అగ్నిపర్వతాలు. అంతకుముందు రెండు స్కూళ్లలో పాఠం మధ్యలో నోరు పెగలక తిరిగొచ్చేశాను.

కాళ్ల దగ్గర చోడి అంబలి, అదే రాగి జావ, క్యాను పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ అడిగింది. "ఏటమ్మా, అదే పేజీ తిప్పి తిప్పి సదువుతన్నావు?"

భూమి లోపల రాయి కరిగి పైకొస్తుందని, ఒకచోట మెల్లగా పారుతుందని, ఇంకోచోట కొండనే పేల్చేస్తుందని చెప్పాను. ఎందుకలాగో నా బుర్రకెక్కడం లేదన్నాను.

"అందులో ఏటుంది? అంబలి పల్సగా ఉంటే పొంగి పొయ్యి నిండా పారతాది. సిక్కగా ఉందనుకో, ఆవిరి పైకి రాలేక లోపలే ఉండి టప్పుమని పేలతాది. ఇటు సూడు."

గాజులు పైకి జరిపి మణికట్టు చూపించింది. చుక్కలు చుక్కలుగా కాలిన మచ్చలు.

పుస్తకం మూసేశాను. పల్చటి లావా దూరం పారి, బోర్లించిన పళ్లెంలా వెడల్పాటి కొండవుతుంది. చిక్కటిది బూడిదతో పొరలు పొరలుగా పేరుకుని నిటారుగా లేచి, పేలుతుంది. ఎగిరిపడ్డ తునకలే బిలం నోటి చుట్టూ పోగైతే చిన్న గుట్ట. అన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి. పాఠం మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా నాలో నేనే చెప్పుకున్నాను.

ఆవిడ చిలకపాలెంలో దిగిపోయింది. పేరైనా అడగలేదు.

ఇప్పటికీ ఆ పాఠం మొదలుపెట్టేటప్పుడు గాజులు పైకి జరిపి చెయ్యి చాపుతాను.

"అక్కడేటీ లేదు టీచర్!" అని పిల్లలు అరుస్తారు.

"ఉన్నాది, సూడండి," అంటాను.