రాష్ట్రం పెద్దదా, చిన్నదా?

నా చిన్నప్పుడు ఒకే మాట మా ఇంట్లో చిన్నది, మా బడిలో పెద్దది. ఆ మాట ‘రాష్ట్రం’. మగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ పల్లె నుంచి సూరత్ చేరిన కుటుంబం మాది. అక్కడి లింబాయత్ పేటలో ఇల్లు, గుజరాతీ బడిలో నా చదువు.

ఒకరోజు మా టీచరమ్మ (అక్కడ ‘బెన్’ అనేవాళ్ళం) రాష్ట్ర పెద్దదా, రాజ్య పెద్దదా అని అడిగింది. నేను అందరికంటే ముందే లేచి, రాజ్యమే పెద్దది, రాష్ట్రం అందులో ఓ ముక్క అని గడగడా చెప్పేశాను. క్లాసంతా గొల్లుమంది. గుజరాతీలో ‘రాష్ట్ర’ అంటే దేశమంతా. మనం రాష్ట్రమనేదాన్ని వాళ్ళు ‘రాజ్య’ అంటారు. నాకేం తెలుసు! రేపు సరిగ్గా చెప్తేనే క్విజ్ జట్టులో చోటు అంది బెన్. ఆ చోటు మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నదాన్ని, ఏడుస్తూ ఇల్లు చేరాను.

మా తాతయ్య అంతా విని పకపకా నవ్వాడు.

“మాట మారింది, గంతే బిడ్డా. గని అసలు ఢిల్లీ సర్కారు పెద్దదా, గాంధీనగర్ల గుజరాత్ సర్కారు పెద్దదా? జర ఆగు, చూపిస్త” అన్నాడు. ఇంటి యజమానిలా మీసం దువ్వి, వంటింటి వైపు తిరిగి సర్వపిండి చెయ్యమని హుకుం జారీ చేశాడు.

“పొయ్యి నాది. ఇయ్యాల పచ్చిపులుసే” అంది నాయనమ్మ లోపల్నుంచి.

తాతయ్య బుద్ధిగా కూర్చున్నాడు. ఊరికి ఎప్పుడు పోవాలన్నది తన ఇష్టమట, ఏం వండాలన్నది నాయనమ్మ ఇష్టమట. నా చదువు మాత్రం ఇద్దరిదీ. ఢిల్లీ, గాంధీనగర్ కూడా అట్లాగే పనులు పంచుకున్నాయట.

“మీ ఇద్దరికి పడకుంటే ఏంది తాతా?” అన్నాను.

“నా మాటే నడుస్తది” అని, గొంతు తగ్గించి, “గని తెల్లారి పులుసుల ఉప్పుండది” అన్నాడు. నాకు ఏడుపు పోయి నవ్వొచ్చింది.

మర్నాడు మాటల అర్థాలు తప్పు లేకుండా చెప్పాను. అయినా బెన్ వదల్లేదు. మరి దేశ ప్రభుత్వం పెద్దదా, రాజ్య ప్రభుత్వం పెద్దదా అని రెట్టించింది.

“ఏ పనిలో, బెన్?” అనేశాను.

ఎదురు ప్రశ్న వేసినందుకు వచ్చిన చోటు కూడా పోయిందనుకున్నాను. బెన్ నవ్వి, నా పేరు జట్టులో అందరికంటే ముందు చదివింది. ఆ సంతోషం ఇప్పటికీ తలుచుకుంటే గుండె నిండిపోతుంది.

ఇప్పుడు ఢిల్లీకీ రాష్ట్రాలకీ పేచీ వచ్చిందని టీవీ వాళ్ళు అరుస్తుంటే, ఎవరు పెద్ద నాన్నమ్మా అని మా మనవలు నన్ను అడుగుతారు. ఏ పనిలోనో తేలనిదే నేను నోరు విప్పను. మా కోడలి వంటింట్లో అయితే అసలే విప్పను.